రాంగ్ రూట్ బండ్లను కాలనీవాళ్లే ఆపవచ్చా?

ప్రశ్న: లాయర్ గారూ, మా కాలనీ వీధి మెయిన్ రోడ్డులో కలిసే చోటు నుంచి యూటర్న్ చాలా దూరం. అక్కడిదాకా వెళ్లలేక బైకులు, ఆటోలు, చివరికి కార్లు కూడా రాంగ్ రూట్‌లో వచ్చేస్తున్నాయి. పోయిన నెల ఉదయం నడకకు వెళ్లిన ఒక పెద్దావిడను బైకు గుద్దేసి వెళ్లిపోయింది. ఆవిడ కాలు విరిగింది. నంబరు ఎవరూ చూడలేదు. అప్పటి నుంచి మా కుర్రాళ్లు ఆవేశంగా ఉన్నారు. రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి బండ్లు ఆపుతామంటున్నారు, వినకపోతే తాళాలు లాక్కుంటామంటున్నారు. ఫొటోలు సోషల్ మీడియాలో పెడతామని, సొంత ఖర్చుతో సిమెంటు స్పీడ్ బ్రేకర్ వేస్తామని కూడా అంటున్నారు. వీటిలో ఏవి తప్పు? చట్టప్రకారం మేం చేయగలిగేది ఏమిటి?
- ఒక కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి

జవాబు: మీ కుర్రాళ్ల కోపం న్యాయమైనదే. కానీ వాళ్లు అనుకుంటున్న పనులు చేస్తే, రాంగ్ రూట్‌లో వచ్చినవాడు ఫిర్యాదుదారుడవుతాడు, మీవాళ్లు ముద్దాయిలవుతారు. అందుకని ముందు తాడు, తాళాల సంగతి చెబుతాను.

వెళ్లే మనిషిని అడ్డగించి కదలనివ్వకపోవడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 126వ సెక్షన్ కింద నేరం. నెల వరకు సాధారణ జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఎదుటివాడు రూలు తప్పాడన్నది దీనికి జవాబు కాదు. నేరం చేసినవాణ్ని పౌరులు కూడా పట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటారేమో. ఆ హక్కు కళ్లెదుట జరిగిన తీవ్రమైన నేరాలకే, అంటే పోలీసులు నేరుగా అరెస్టు చేయగల నాన్‌బెయిలబుల్ నేరాలకే వర్తిస్తుంది. రాంగ్ రూట్ డ్రైవింగ్ ఆ కోవలోకి రాదు. లైసెన్సు చూపించమని అడిగే అధికారం కూడా మీవాళ్లకు లేదు. రోడ్డు మీద ఆ అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసుకు ఉంటుంది. తాళం లాక్కోబోతే తోపులాట అవుతుంది. ఆ తోపులాటలో బండి పడి ఎవరికైనా దెబ్బ తగిలితే కేసు ఇంకా పెద్దదవుతుంది.

సిమెంటు దిబ్బ ఆలోచన పూర్తిగా మానుకోండి. స్పీడ్ బ్రేకర్ ఎక్కడ వేయాలి, ఎంత ఎత్తు ఉండాలి అన్నది రోడ్డు ఎవరి ఆధీనంలో ఉందో ఆ శాఖ నిర్ణయించాలి. ముందు హెచ్చరిక బోర్డు, పైన తెల్ల గీతలు లేకుండా మీరు కట్టిన దిబ్బ మీద రాత్రిపూట, సరైన దారిలో వస్తున్నవాడే పడిపోవచ్చు. అప్పుడు నిర్లక్ష్యం మీదే అవుతుంది. ట్రాఫిక్ బోర్డు సొంతంగా పాతడం కూడా మోటారు వాహనాల చట్టం 116వ సెక్షన్ ప్రకారం కుదరదు.

ఇక ఫొటోలు. తీయడం తప్పు కాదు, తీయమనే నేను చెబుతాను. వాటిని ఎక్కడికి పంపుతారన్నదే ముఖ్యం. ముఖం కనిపించేలా పెట్టి, కింద నాలుగు తిట్లు రాస్తే పరువునష్టం కేసుకు దారి ఇచ్చినట్టే. పైగా బండి ఒకరి పేరున ఉంటుంది, నడిపేది మరొకరు కావచ్చు. అదే ఫొటో ట్రాఫిక్ పోలీసులకు పంపితే, ఆ సమయంలో బండి ఎవరు నడిపారో చెప్పాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం ఓనరు మీద పడుతుంది. పౌరులు ఫొటోలు పంపడానికి చాలా నగరాల్లో పోలీసులు వాట్సాప్ నంబరో యాప్ వంటిదో పెట్టారు. నంబరు ప్లేటు, బండి వెళుతున్న దిశ రెండూ తెలిసేలా తీయండి. తేదీ, సమయం, చోటు రాయండి. ఫోనులోని అసలు వీడియోను కత్తిరించకుండా దాచండి, కోర్టుదాకా వెళితే అది అవసరమవుతుంది.

ఈ తప్పు చిన్నదని చాలామంది అనుకుంటారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 184వ సెక్షన్‌లో, అంటే ప్రమాదకర డ్రైవింగ్ కిందకు, రాంగ్ రూట్‌ను స్పష్టంగా చేర్చారు. రెడ్ లైటు దాటడం, ఫోను చేత్తో పట్టుకుని నడపడం కూడా అందులోనే ఉన్నాయి. మొదటిసారి అయితే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా దాకా వెళుతుంది. అక్కడికక్కడ కట్టించుకునే చలానా మొత్తం మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఈ వివరాలను ఒక అట్ట మీద రాసి, ఫుట్‌పాత్ మీద నిలబడి, ఎవరినీ ఆపకుండా చూపిస్తే అది నేరం కాదు. ముందుగా ట్రాఫిక్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి, వీలైతే ఒక కానిస్టేబుల్‌ను కూడా పంపమని అడగండి. మీ ఊళ్లో పోలీసులు వలంటీర్లను తీసుకుంటుంటే మీ కుర్రాళ్ల పేర్లు ఇవ్వండి. వాళ్లకు చలానా రాసే అధికారం రాదు గానీ, పోలీసుల పక్కన నిలబడితే ఆ మాటకు బలం వస్తుంది.

ఇంకో మాట, కొంచెం నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి. కాలనీ మూల దగ్గర రాంగ్ రూట్‌లో వచ్చేవాళ్లలో సగం మంది కాలనీవాళ్లే అయినా ఆశ్చర్యపోకండి. ముందు సంఘం మీటింగ్‌లో ఇది పెట్టండి. మైనరు పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులకు అదే చట్టంలోని 199ఏ సెక్షన్ చదివి వినిపించండి. పిల్లవాడు నేరం చేస్తే పెద్దవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

నన్నడిగితే అసలు బలమంతా అర్జీలో పెట్టాలి. యూటర్న్ అంత దూరంలో ఉన్నంతకాలం అట్టలు పట్టుకుని ఎన్నాళ్లు నిలబడతారు? జంక్షన్ ఫొటోలు, మీరు రాసుకున్న వివరాలు, పెద్దావిడ ప్రమాదం ఎఫ్ఐఆర్ నకలు జతచేసి రోడ్డు శాఖకు, ట్రాఫిక్ డీసీపీకి లేదా ఎస్పీకి అర్జీ ఇవ్వండి. దగ్గరలో యూటర్న్ కావాలని, అది కుదరకపోతే మధ్యలో డివైడర్, కెమెరా, నడిచేవాళ్లకు దాటే చోటు కావాలని వివరంగా అడగండి. రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే అర్జీ ఏ దశలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. అప్పటికీ పట్టించుకోకపోతే ఆ కాగితాలతోనే, అధికారులను ఆదేశించమని కోరుతూ హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు.

చివరగా, మీరు అడగని సంగతి. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా పెద్దావిడకు పరిహారం వస్తుంది. హిట్ అండ్ రన్ కేసుల్లో తీవ్రగాయానికి 50,000 రూపాయలు, మరణిస్తే రెండు లక్షలు ఇవ్వాలని మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ చెబుతోంది. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్రగాయమే. కేసు నమోదైన నెలలోపు బండి వివరాలు దొరకకపోతే ఈ పరిహార పథకం గురించి బాధితులకు పోలీసులే రాతపూర్వకంగా తెలియజేయాలని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎఫ్ఐఆర్ ఇంకా కాకపోతే ఈ రోజే చేయించండి. ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రే, బ్యాంకు పాస్‌బుక్ నకలు సిద్ధం చేసుకుని, ఈ పరిహారం దరఖాస్తులు పరిశీలించే క్లెయిమ్ విచారణ అధికారి ఎవరో ఆర్డీవో ఆఫీసులో కనుక్కుని, దరఖాస్తు పెట్టించండి.