ఆయిల్ నల్లబడితే ఏసీ కంప్రెసర్ వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: 2021 మార్చిలో హైదరాబాద్‌లో 38,000 రూపాయలకు ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ కొన్నాం. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ. మరుసటి ఏడాది రాజమహేంద్రవరం వచ్చేశాం. 2023 వేసవిలో కూలింగ్ తగ్గితే వీధి చివర మెకానిక్‌తో గ్యాస్ పట్టించాం. 2024 ఏప్రిల్‌లో కంప్రెసర్ పోయింది. కంపెనీ టెక్నీషియన్ దాన్ని విప్పి, వంచి, కాస్త ఆయిల్ తెల్లకాగితం మీద పోశాడు. నల్లగా ఉందని చూపించి, ‘ఆయిల్ కాలింది, బయటివాళ్లు చెయ్యి పెట్టారు, వారంటీ వర్తించదు’ అని జాబ్ కార్డు మీద రాశాడు. మే 20న కంపెనీ ఈమెయిల్‌లోనూ అదే మాట. ఆస్తమా ఉన్న మా అమ్మ రెండు వేసవులు నరకం చూసింది. పాత కంప్రెసర్ మేడ మీద ఉంది, ఫొటో పంపుతున్నాను. ‘తయారీ లోపమే’ అని పాత తేదీతో ఉత్తరం రాసిస్తానని అప్పుడు గ్యాస్ పట్టిన మెకానిక్ అంటున్నాడు. పాతది తనకిస్తే కొత్తదాని ధరలో రెండు వేలు తగ్గిస్తాడట. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అమ్మగారి అవస్థ, కస్టమర్ కేర్ వాళ్ల దురుసుతనం. అవి నష్టపరిహారం అడిగే చోట పనికొస్తాయి. కేసు తేలేది మాత్రం ఒకే ఒక్క ప్రశ్న మీద: ఆ గ్యాస్ లైను ఎన్నిసార్లు, ఎవరి చేతుల్లో తెరుచుకుంది? 2023 సంగతి చెప్పారు. మరి హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు ఏసీ విప్పిందెవరు? ఇక్కడ బిగించిందెవరు? ఆ ముక్కే రాయలేదు. కంపెనీ సర్వీస్ సెంటరే బిగించి ఉంటే ఆ రసీదు మీ కేసుకు ప్రాణం. బయటివాళ్లైతే ఆ సంగతి దాచకుండా చెప్పాలి. అవతలి లాయరు మొదట అడిగేది అదే.

ఇక నల్లటి ఆయిల్. వైండింగ్ (లోపలి మోటారుకు చుట్టిన తీగ) కాలితే ఏ కంప్రెసర్‌లోనైనా ఆయిల్ నల్లబడుతుంది, మాడు వాసన వస్తుంది. అంటే కాలిందని తెలుస్తుంది, ఎందుకు కాలిందో తెలియదు. లైనులో గాలి, తేమ చేరితే ఈ కాలపు ఏసీల్లో ఎక్కువగా వాడే పీవోఈ అనే కృత్రిమ ఆయిల్ చెడి ఆమ్లం పుడుతుంది. అది వైండింగ్ మీది పూతను తినేస్తుంది. బేరింగుల మీద రాగి పొర కూడా కడుతుంది. లైనులోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టకుండా గ్యాస్ పట్టిస్తే జరిగేది ఇదే. గ్యాస్ లీకై తగ్గిపోయినా కంప్రెసర్ వేడెక్కి ఆయిల్ మాడుతుంది. ఆ లీకు ఫ్యాక్టరీ కాయిల్‌లోదా, బిగించినవాడు సరిగా తిప్పని ఫ్లేర్ నట్టుదా (పైపులను కలిపే నట్టు) అన్నదాన్ని బట్టి బాధ్యత మారుతుంది. కాగితం మీద చుక్క పోసి ఇవన్నీ తేల్చడం ఎవరి వల్లా కాదు. కంపెనీ వాదనలో బలహీనత ఇదే.

మీకు అనుకూలమైన ఇంకో సంగతి మీరు గమనించినట్టు లేదు. గ్యాస్ పెట్రోలు కాదు, వాడుతుంటే అయిపోవడానికి. 2023లో కూలింగ్ తగ్గడానికి గ్యాస్ తగ్గడమే కారణమైతే, మెకానిక్ చెయ్యి పెట్టకముందే లీకు ఉందన్నమాట. అది చెప్పగలిగిన సాక్షి అతనొక్కడే: ఆ రోజు ప్రెషర్ ఎంత ఉంది, లీకు ఎక్కడ దొరికింది, ఏ గ్యాస్ పట్టాడు, వ్యాక్యూమ్ చేశాడా. అందుకే ఆ పాత తేదీ ఉత్తరం జోలికి పోవద్దు. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణే. అందులో వాడటానికి తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. అంతదాకా పోకపోయినా, తేదీ అబద్ధమని తేలిన క్షణం మీకున్న ఒకే ఒక్క సాక్షి చెల్లకుండా పోతాడు. చూసింది చూసినట్టు, ఇవాళ్టి తేదీతో అఫిడవిట్ ఇమ్మనండి, చాలు.

మీరు పంపిన ఫొటో చూసి నాకు కోపం వచ్చింది. కంప్రెసర్ పైపులు రెండూ నోరు తెరుచుకుని ఉన్నాయి. రెండు వర్షాకాలాలు మేడ మీద! పీవోఈ ఆయిల్ గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. ఇప్పుడు పరీక్షలో తేమ, ఆమ్లం ఎక్కువని వచ్చినా, ‘అది మేడ మీద చేరిన తేమే’ అని కంపెనీ కొట్టిపారేస్తుంది. ఆ సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే పాడు చేసుకున్నారు. మిగిలినదాన్నైనా కాపాడుకోండి. ఇవాళే రెండు పైపులకూ గట్టిగా బిరడాలు బిగించి, సీరియల్ నంబరు కనిపించేలా వీడియో తీసి, నిటారుగా నిలబెట్టి ఇంట్లో పెట్టండి. కోయించవద్దు, ఆయిల్ వంపవద్దు. వైండింగ్ ఏ చోట కాలింది, బేరింగ్ అరిగిందా, రాగి పొర కట్టిందా అన్నవి లోపల ఇంకా కనిపిస్తాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద వస్తువును సీలు చేసి తగిన ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. నివేదికకు 45 రోజుల గడువు. పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాలి. టెక్నీషియన్ ఆయిల్ పోసినప్పుడు ఫోన్లో ఫొటో తీసి ఉంటే ఆ ఫోన్ అమ్మకండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రంతో దాన్ని దాఖలు చేయండి.

వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. తిరస్కరించిన ఈమెయిల్ నుంచి లెక్కిస్తే 2026 మే 20తో అయిపోతుంది. కంప్రెసర్ ఆగిన రోజు నుంచే లెక్కించాలని అవతలివాళ్లు వాదిస్తారు కాబట్టి ఏప్రిల్ రాకముందే వేసేయండి. లీగల్ నోటీసు పంపినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గానీ దాని మీద ఆశ పెట్టుకోకండి.

కొన్నది హైదరాబాద్‌లోనైనా మీరుండే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. తయారీ కంపెనీని, అమ్మిన షాపును, సర్వీస్ సెంటర్‌ను ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. కంప్రెసర్ మార్చి ఇవ్వాలని, లేదంటే దాని ధర ఇప్పించాలని, పరిహారం వేరేగా అడగండి. ‘బయటివాళ్లు చెయ్యి పెడితే వారంటీ పోతుంది’ అనే షరతు మీకిచ్చిన కార్డులో నిజంగా ఉందా, దాని మాటలు ఏమిటి? ఆ పేజీ జత చేయండి.

ఈ వేసవికి కొత్త కంప్రెసర్ వేయించుకోవాలంటే వేయించుకోండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి. పాతది మాత్రం ఆ రెండు వేల కోసం ఎక్స్‌చేంజికి ఇవ్వకండి.