పద్నాలుగో సీను గురించి

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి విసుగొచ్చింది. రెండోసారి పద్నాలుగో సీను దగ్గర ఆగిపోయాను.

2070 హైదరాబాదు, ఎగిరే కార్లు, హైటెక్ సిటీ పైన తేలే ఇంకో సిటీ, చివర్లో హీరో మూడు పేజీల ఉపన్యాసం. నీ చేతిలో ఉన్నది ఆరు లక్షలు, అదీ స్నేహితులు తలా కాస్త వేసుకున్నది. ఆ డబ్బుకి కారు ఎగిరితే జనం నవ్వుతారు. నవ్విన జనం ఉపన్యాసం వినరు. నాకు అనుభవమే. ఎప్పుడో ఒక నిర్మాత కృష్ణానగర్‌లో అట్టపెట్టెలు, థర్మోకోల్‌తో రాకెట్ చేయించాడు. షూటింగ్ రోజున వాన. సాయంత్రానికి తెల్లరంగు కారిపోయి, లోపలి టీవీ డబ్బా మీద అక్షరాలు బయటపడ్డాయి. సినిమా అక్కడితో సరి, నా డబ్బులూ సరి.

ఇక నీ సీను. అపార్ట్‌మెంట్ లిఫ్టు వేలిముద్ర పడితేనే తెరుచుకుంటుంది. పదో అంతస్తులో అంట్లు తోమే ఆవిడ బొటనవేలు పెడుతుంది. పడదు. తోమి తోమి గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడుస్తుంది, పాపిట మీద రుద్ది నూనె అంటించుకుని మళ్ళీ పెడుతుంది. వెనకాయన వాచీ చూసుకుంటాడు.

ఇది రేషన్ షాపు మిషన్ దగ్గర చూసిందే కదా? కూలి చేసే చేతులకు, ముసలి చేతులకు ముద్రలు పడకపోవడం మనకు కొత్తా? నువ్వు దాన్ని ఒక్క మెట్టు పైకి జరిపావు, అంతే. నీ సైన్స్ ఫిక్షన్ అదే, రాజకీయమూ అదే. ఆ మిషన్ని ఎవరి వేళ్ళు చూసి తయారుచేశారని ఏ పాత్రా అడగక్కర్లేదు.

1965లో ఫ్రెంచి దర్శకుడు గొదార్ తన సినిమా 'ఆల్ఫావిల్'కి సెట్లు వేయలేదు. అప్పటి పారిస్ కొత్త భవనాలనే రాత్రిపూట చూపించి, కంప్యూటర్ ఏలే ఊరన్నాడు. 1988లో అమెరికా దర్శకుడు కార్పెంటర్ సినిమా 'దే లివ్'కి ఒక జత నల్లకళ్ళద్దాలు సరిపోయాయి. కూలి పని వెతుక్కుంటూ వచ్చినవాడు అవి పెట్టుకుంటే హోర్డింగుల మీద ప్రకటనలు మాయమై 'లోబడు', 'కొను' అన్న ఆజ్ఞలు కనిపిస్తాయి. మన ఊళ్ళోనే 2024లో మూసీ ఒడ్డున ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాసి వెళ్ళారు అధికారులు. నదీగర్భంలో ఉన్న ఇల్లు, కూల్చెయ్యాలి అని దానర్థం. తన గోడ మీద అంతుపట్టని అక్షరాలు చూసుకున్నవాడికి గ్రహాంతరవాసులు వేరే దిగిరావాలా?

నీ స్క్రిప్టులో మంత్రి విలన్‌ని తీసెయ్. వాణ్ణి తిట్టుకుని అందరూ హాయిగా ఇంటికి పోతారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని పెట్టు, మంచివాణ్ణి. "రూల్ నేను పెట్టలేదమ్మా" అని మెట్లవైపు చూపిస్తాడు.

మిషన్ చేత ఇంగ్లీషు పలికించావు. వద్దు. "దయచేసి మరల ప్రయత్నించండి" అననీ, చక్కటి న్యూస్‌రీడర్ గొంతుతో. ఆవిడ వెనక్కి తిరిగి "ఏమంటున్నది సార్ గిది?" అని అడగనీ.

ఆ వేషానికి మాత్రం చేతులు చూసి మనిషిని తీసుకో. క్లోజప్‌లో బొటనవేలికి మేకప్ ఆగదు. నిజంగా అంట్లు తోమే ఆవిడే దొరికితే, రోజు కూలి లెక్క కట్టకు. ఆర్టిస్టుకి ఎంతిస్తావో అంతే ఇవ్వు.

నీ అన్నయ్య
చిక్కడపల్లి