నా హెచ్-ఇండెక్స్ రెండే మేడమ్!

ప్రశ్న: కణ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నాలుగో ఏడు. కణంలో లైసోజోములు (వ్యర్థాలను అరిగించే చిన్న తిత్తులు) ఎలా కదులుతాయన్నది నా అంశం. ఇప్పటికి రెండు పేపర్లు వచ్చాయి. మొదటిదానికి రెండేళ్లలో 11 సైటేషన్లు (ఇతర పేపర్లలో ఉటంకింపులు). మా ల్యాబ్‌లోనే క్యాన్సర్ కణాల మీద పనిచేసే మిత్రుడి పేపర్‌కు అదే సమయంలో 180 దాటాయి. నా హెచ్-ఇండెక్స్ 2. పీహెచ్‌డీ తర్వాత చేసే పోస్ట్‌డాక్‌కైనా అంశం మార్చుకోమని అందరూ చెబుతున్నారు. మీరైతే ఏం చేస్తారు?
– ఒక పరిశోధక విద్యార్థి

జవాబు: ముందు ఆ 2 సంగతి తేల్చేద్దాం. ఈ లెక్కను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. కనీసం రెండేసి సైటేషన్లున్న పేపర్లు మీకు రెండున్నాయని దాని అర్థం. ఉన్నవే రెండు పేపర్లయినప్పుడు, ఒక్కోదానికి వెయ్యేసి వచ్చినా ఆ అంకె 2 దాటదు. ఆ దిగులు ఇవాళే మానేయండి.

ఇక నా సంగతి. నా పేపర్లలో ఎక్కువ సైటేషన్లు దేనికున్నాయో చెబితే నవ్వుతారు. విభజన దశలో కణం గుండ్రంగా ముడుచుకుని తాను అతుక్కున్న పలుచటి గాజుపలకను (కవర్‌స్లిప్) దాదాపు వదిలేస్తుంది. ఫిక్స్ చేద్దామని (ఉన్నదున్నట్టు నిలిపేద్దామని) పైనున్న మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, తీసేస్తే, మనక్కావలసిన కణాలే దాంతోపాటు కొట్టుకుపోతాయి. నిమ్మకు నీరెత్తినట్టున్నవే మిగులుతాయి. అందుకని మీడియం తీయకుండా, రెట్టింపు గాఢత ఉన్న ఫార్మాల్డిహైడ్‌ను అంతే కొలతలో గిన్నె అంచు వెంబడి మెల్లగా వదలాలి. ఇది నేను కనిపెట్టిన చిట్కా కాదు, ల్యాబ్‌లో సీనియర్ చేస్తుంటే చూసి నేర్చుకున్నాను. ఎన్ని కణాలు పోతున్నాయో, ఎన్ని నిలుస్తున్నాయో లెక్కపెట్టి నాలుగు పేజీలు రాయడం ఒక్కటే నా వంతు. మూడు వారాల పని. 612 సైటేషన్లు!

ఆరేళ్లు పట్టిన పేపర్ ఇంకొకటుంది. కణం రెండయ్యేటప్పుడు లైసోజోములు రెండు పిల్లకణాలకూ సమానంగా అందుతాయా అన్నది అందులో ప్రశ్న. చీకటి గది, మైక్రోస్కోప్ చుట్టూ 37 డిగ్రీల పెట్టె, రెండు నిమిషాలకో ఫొటో. అర్ధరాత్రి ఫోకస్ జారిందంటే ఆ రాత్రంతా గంగపాలే. దానికి 23 వచ్చాయి. అందులో 7 నావే.

ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద ఆలివర్ లౌరీ 1951లో రాసిన పేపర్‌కు 2014 నాటికే 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. అదేమంత గొప్ప పేపర్ కాదని ఆయనే అన్నారు. పనిముట్టును పదిమందీ వాడతారు, వాడినప్పుడల్లా పేరు రాస్తారు. మీ మిత్రుడి 180కీ సగం కారణం అలాంటిదే అయ్యుండొచ్చు. క్యాన్సర్ మీద పేపర్లు రాసేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఉటంకించేవాళ్లూ ఎక్కువ.

మీ లైసోజోముకు ఈస్ట్‌లో చుట్టం వాక్యూల్. యోషినోరి ఒసుమి 1988లో, 43 ఏళ్ల వయసులో సొంత ల్యాబ్ పెట్టుకుని దాని వెంట పడ్డారు. అప్పట్లో చాలామందికి అది కణం చెత్తబుట్ట. ప్రోటీన్లను అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ను ఆకలికి మాడ్చి, మామూలు మైక్రోస్కోప్ కింద చూస్తే, వాక్యూల్ లోపల చిన్న చిన్న గుండ్లు చేరి గంతులేస్తున్నాయి. ఆటోఫాజీని, అంటే కణం తన భాగాలను తానే అరిగించుకోవడాన్ని, కళ్లారా చూశారన్నమాట. 2016 నోబెల్ వైద్య బహుమతి ఆయనొక్కరికే ఇచ్చారు. మీకూ వస్తుందని ఊరించడం లేదు లెండి. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో సైటేషన్లు లెక్కేసి అంశం ఎంచుకుని ఉంటే ఆ గది తలుపే తీసేవారు కాదు.

అయితే అంకె ఎవరూ చూడరని అబద్ధం చెప్పను. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కతో) మనిషిని తూచొద్దన్న ప్రకటన పుట్టిందే కణ జీవశాస్త్రవేత్తల సమావేశంలో, 2012 డిసెంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కోలో. దాని మీద సంతకం పెట్టినవాళ్లే ఎంపిక కమిటీలో తలుపు మూశాక “ఇంతకీ హెచ్ ఎంత?” అనడం నేను విన్నాను. ఒకసారి నేనే అడిగాను. పొద్దుపోయింది, ఇంకా ముప్ఫై దరఖాస్తులున్నాయి.

మిమ్మల్ని ఒకటడుగుతాను. ఆ 11 పేపర్లూ చదివారా? నా ఆరేళ్ల పేపర్‌ను ఉటంకించిన 16 మందినీ కూర్చుని చదివాను. పదిమంది ఉపోద్ఘాతంలో, బ్రాకెట్లో నలుగురి మధ్య ఇరికించారు. ఇద్దరు నేను చెప్పినదానికి సరిగ్గా తిరగేసి రాశారు (వాటినీ కలిపే నా లెక్క!). ముగ్గురు పద్ధతి వాడుకున్నారు. ఒక్కరు మాత్రం నా మూడో బొమ్మ తప్పేమోనని పేజీన్నర వాదించారు. ఆ ఒక్కరితో తర్వాత తొమ్మిదేళ్లు కలిసి పనిచేశాను.

లైసోజోములంటే విసుగొస్తే నిరభ్యంతరంగా మార్చండి. ఈ అంకె కోసమైతే వద్దు. ఈ వారాంతం ఆ 11 ముందేసుకోండి. మీ బొమ్మలతో తగువుపడినవాళ్లెవరైనా కనిపిస్తే, పోస్ట్‌డాక్ దరఖాస్తు మొదట వాళ్లకే పంపండి.