రూట్ కెనాల్ చేసిన పన్నుకి మళ్ళీ చీము.. కోల్డ్ ప్లాస్మా వచ్చేదాకా ఆగొచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్ళు, షుగర్ ఉంది. రెండేళ్ళ క్రితం కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నా. ఇప్పుడు ఆ పన్ను దగ్గర చిగురు మీద పొక్కు లేచి చీము కారుతోంది. యాంటీబయాటిక్ వేసుకుంటే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. డాక్టర్ గారు రూట్ కెనాల్ మళ్ళీ చేయాలంటున్నారు. యూట్యూబ్‌లో చూస్తే కోల్డ్ ప్లాస్మాతో బ్యాక్టీరియా మొత్తం చచ్చిపోతుందంట, అది మన దగ్గరికి వచ్చేదాకా ఆగమంటారా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆగొద్దమ్మా. పొక్కు లేచి చీము కారుతోందంటే వేరు చివర ఎముక దగ్గర ఇన్ఫెక్షన్ ఉందని, చీము బయటికి దారి చేసుకుంది కాబట్టే మీకు పెద్దగా నొప్పి తెలీట్లేదు. నొప్పి లేదు కదా అని చాలామంది ఇక్కడే నెలలకి నెలలు గడిపేస్తారు, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది.

ముందు ఆ టాబ్లెట్లు ఆపండి, అంటే మీ అంతట మీరు షాపులో కొనుక్కుని వేసుకోవడం. రూట్ కెనాల్ చేసిన పన్నులో నరం ఉండదు, రక్తం పారదు, మరి టాబ్లెట్ మందు లోపలికి ఎలా వెళ్తుంది? చుట్టుపక్కల వాపు తగ్గిస్తుంది అంతే, అసలు బ్యాక్టీరియా పన్ను లోపలే సేఫ్‌గా ఉంటుంది, అందుకే కోర్సు అయిపోగానే మళ్ళీ మొదలు.

ఆ లోపల ఉన్నదాన్నే బయోఫిల్మ్ అంటాం. వాటర్ ట్యాంక్ లోపలి గోడకి పట్టే పాకుడు లాంటిది, నీళ్ళు పోసి తొలిపితే పోదు, గీకాలి. బ్యాక్టీరియా ఒకదాన్నొకటి అంటుకుని పైన జిగురు పొర కప్పుకుని కూర్చుంటాయి. ఫెయిలైన రూట్ కెనాల్స్‌లో ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అని ఒకటి తరచుగా కనిపిస్తుంది, తిండి లేకపోయినా చాలాకాలం బతుకుతుంది, మేం సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్యలో పెట్టే కాల్షియం హైడ్రాక్సైడ్ మందుని కూడా తట్టుకుంటుంది. పైగా వేరు గోడలో మిల్లీమీటర్‌లో వెయ్యో వంతో రెండు వంతులో వెడల్పుండే గొట్టాలు బోలెడు, వాటిల్లోకి దూరిపోతుంది, అక్కడికి మా ఫైల్ (వేరు లోపల గీకే సన్నటి సూది లాంటి పరికరం) వెళ్ళదు కదా.

ఇక మీరు చూసిన కోల్డ్ ప్లాస్మా (రక్తంలో ప్లాస్మా కాదండోయ్). హీలియమో ఆర్గానో గ్యాస్‌ని సన్నటి గొట్టంలో పంపుతూ హై వోల్టేజ్ ఇస్తే ఊదా రంగులో వెలిగే చిన్న ధార వస్తుంది, వేలు పెట్టినా కాలదు. గాలితో కలిసినప్పుడు దాంట్లో ఓజోన్, నైట్రిక్ ఆక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్స్ లాంటివి పుడతాయి, అవే బ్యాక్టీరియా పై పొరని చీల్చేస్తాయి. గ్యాస్ కాబట్టి సందుల్లోకి కూడా వెళ్తుందని ఆశ. రూట్ కెనాల్ కోసం 2009 ప్రాంతంలోనే చైనాలో వూహాన్‌లో, అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో పరికరాలు తయారు చేసి చూశారు, కాబట్టి వీడియోలో చెప్పినంత కొత్తదేం కాదు.

మరి ఇన్నేళ్ళయినా మా క్లినిక్‌లకి ఎందుకు రాలేదంటే, టెస్టులు ఎక్కువ శాతం పీకేసిన పళ్ళ మీద, ల్యాబ్‌లో జరిగినవే. కొన్నిట్లో బాగా పనిచేసింది, కొన్నిట్లో పన్ను లోపల కడగడానికి మామూలుగా మేం వాడే సోడియం హైపోక్లోరైట్ మందు అంత ఫలితం కూడా రాలేదు, రెండూ కలిపి వాడితే బాగుందని ఇంకొన్ని. అయితే నా లెక్కలో అసలు పాయింట్ వేరే ఉంది. హైపోక్లోరైట్ బ్యాక్టీరియాని చంపడమే కాదు, లోపల మిగిలిపోయిన కుళ్ళిన నరం ముక్కల్ని కరిగిస్తుంది, ప్లాస్మా ఆ పని చెయ్యదు. ఫైల్ తిప్పినప్పుడు గోడకి పట్టే పొడి పొరని తీసెయ్యడానికి ఈడీటీఏ అనే ఇంకో కడిగే మందు కావాల్సిందే. దవడ పళ్ళ వేర్లు వంకరగా ఉంటాయి, చివరి భాగం దాకా ధార వెళ్ళడం కూడా కష్టం. సో వచ్చినా ఎక్స్‌ట్రాగానే వస్తుంది, వీటి బదులు కాదు. జర్మనీలో మానని పుండ్లకి వాడే ప్లాస్మా పెన్నుకి 2013లోనే పర్మిషన్ వచ్చింది, కానీ అది చర్మం మీద పని, పన్ను లోపల సంగతి వేరు.

మీ పన్ను ఫెయిలవడానికి కారణం ఇంకా సింపుల్‌ది కావచ్చు. కింది మొదటి దవడ పన్నులో మామూలుగా మూడు కెనాల్స్ (వేరు లోపల నరం ఉండే దారులు), కొందరికి నాలుగోది ఉంటుంది, అది దొరక్కపోతే ఎంత ప్లాస్మా పెట్టినా వేస్టే. లేదా క్యాప్ అంచు లీకై లాలాజలం లోపలికి దిగుతుండొచ్చు, లేదా వేరు పగిలి ఉండొచ్చు. పగిలితే మాత్రం మళ్ళీ చేసి డబ్బులు దండగ, చాలాసార్లు తీసేయడమే. అందుకే ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ స్పెషలిస్ట్) దగ్గరికి వెళ్ళండి, అవసరమైతే ఆ పన్నుకి సీబీసీటీ అనే 3డీ ఎక్స్‌రే స్కాన్ తీయమంటారు. రబ్బర్ డ్యామ్ (లాలాజలం లోపలికి పోకుండా పన్ను చుట్టూ వేసే రబ్బరు షీట్) వేసి చేస్తారా అని అడగండి, ఫీల్ అవుతారేమో అని మొహమాటపడొద్దు. లేజర్ ఉందా, ఇంకోటుందా అని అడిగేకంటే ఇది ముఖ్యం.

వెళ్ళేముందు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) చేయించుకుని రిపోర్ట్ పట్టుకెళ్ళండి, షుగర్ ఎక్కువుంటే ఎముక మానడం లేటవుతుంది. చేశాక నొప్పి లేకపోయినా ఆరు నెలలకీ ఏడాదికీ ఎక్స్‌రే తీయించండి.

ఈలోపు దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టంగా ఉండటం, వీటిల్లో ఏదొచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, రాత్రయినా సరే పెద్ద హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్ళిపోండి.