ఏ వేలు తిమ్మిరెక్కుతోంది?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం నరాల గురించే, అందుకని మిగతావి వచ్చే నెలకి వాయిదా వేసి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్ళు. ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడతాను. కొన్ని నెలలుగా రాత్రి నిద్రలో కుడి చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది. లేచి విదిలిస్తే కాసేపటికి తగ్గుతుంది. మా ఊళ్ళో చూపిస్తే నరాల బలహీనత అని బలానికి సూదిమందులు రాశారు. వేయించుకున్నా తేడా లేదు. ఇంకో కోర్సు వేయించుకోమంటారా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సూదుల సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు తిమ్మిరెక్కేది ఏ వేళ్ళో చూసుకోండి. అడిగితే అందరూ చెయ్యంతా అనే చెప్తారు, కానీ ఈ రాత్రి మెలకువ వచ్చినప్పుడు విదిలించకముందే ఒక్కో వేలినీ తడిమి చూడండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారి చిటికెన వేలు మాత్రం మామూలుగా ఉంటే ఇబ్బంది చాలావరకు మీ మణికట్టు దగ్గరే.

మెడ దగ్గర వెన్నుపాములోంచి బయటికొచ్చిన నరాల వేర్లు చంక దాకా వచ్చేలోపు ఒకదాంట్లో ఒకటి కలిసి, మళ్ళీ విడిపోయి, పెద్ద నరాలుగా చేతిలోకి దిగుతాయి. అరచేతి వైపు వేళ్ళకి స్పర్శ ఇచ్చేవి వాటిలో రెండు. మీడియన్ నరం బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు చూసుకుంటుంది, అల్నార్ నరం చిటికెన వేలు చూసుకుంటుంది. మధ్యలో మిగిలిన ఉంగరపు వేలిని రెండూ అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నిలువునా చెరిసగం పంచుకుంటాయి. అందుకే ఆ వేలికి మధ్యవేలి వైపు మొద్దుగా, చిటికెన వేలి వైపు మామూలుగా ఉంటే తేడా మెడలో కాదు, చేతిలో దిగే నరంలోనే అని ధైర్యంగా అనుకోవచ్చు. ఏ స్కానింగూ లేకుండా, దూదితో తాకి చూసి తెలుసుకోగలిగే సంగతి ఇది. నన్నడిగితే నరాల డాక్టర్ పనిలో సగం ఇలా ఎక్కడ మొద్దుబారిందో గీత గీసి చూసుకోవడమే.

మణికట్టు దగ్గర కింద చిన్న ఎముకలు, పైన గట్టి పట్టీ, మధ్యలో ఇరుకైన దారి ఉంటాయి. వేళ్ళు ముడవడానికి పనికొచ్చే 9 టెండాన్లు (కండని ఎముకకి కలిపే గట్టి తాళ్ళు), వాటితోపాటు మీడియన్ నరం ఆ దారిలోంచే పోవాలి. నిద్రలో మనకి తెలియకుండానే మణికట్టు వంగిపోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది, నరానికి రక్తం సరిగ్గా అందదు. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. బొటనవేలి మొదట్లో అరచేతి చర్మానికి మాత్రం తిమ్మిరి రాదు, ఎందుకంటే అక్కడికి వెళ్ళే నరం కొమ్మ ఆ ఇరుకులోకి దిగకముందే విడిపోయి పైనుంచి వెళ్తుంది.

రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టే స్ప్లింట్ కట్టుకుని కొన్ని వారాలు చూడండి. థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి, ఆ రెండూ దీనికి కారణం కావచ్చు. తగ్గకపోతే నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ ఉంది. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ పలచబడుతున్నా, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతున్నా ఆలస్యం చేయకండి, పట్టీని కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్‌తో నరం మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇక సూదులు. మీకు రాసినవి బీ12వి అయ్యుంటాయి. బీ12 తక్కువైతే నరాలు నిజంగానే దెబ్బతింటాయి. శుద్ధ శాకాహారులకీ, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ అది తగ్గే అవకాశం ఎక్కువ. కానీ ఆ తిమ్మిరి మామూలుగా రెండు పాదాల్లో ఒకేసారి మొదలై పైకి పాకుతుంది, ఒక చేతిలో మూడు వేళ్ళని ఏరుకుని రాదు. రక్తపరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. బలానికే కదా అని బీ కాంప్లెక్స్ మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగేవాళ్ళకి ఇంకో మాట: బీ6 మోతాదు మించి నెలల తరబడి పడితే అదే నరాలని పాడుచేస్తుంది.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ బైపీసీ. మంచం కోడుకి కాలి బొటనవేలు కొట్టుకుంటే ముందు చురుక్కుమంటుంది, పోనీలే అనుకునేలోపు అసలు నొప్పి వస్తుంది. దెబ్బ ఒకటే కదా, నొప్పి రెండుసార్లు ఎందుకు? – ఒక విద్యార్థి, సిద్దిపేట

జవాబు: నొప్పిని మోసే తంతువులు రెండు రకాలు కాబట్టి. ఎ-డెల్టా తంతువులకి సంకేతాన్ని వేగంగా పోనిచ్చే మైలిన్ అనే పొర పలచగా ఉంటుంది, వాటిలో సంకేతం సెకనుకి 5 నుంచి 30 మీటర్లు పోతుంది. సి తంతువులకి ఆ పొర లేదు, వాటి వేగం సెకనుకి అర మీటరు నుంచి 2 మీటర్లే. పెద్దవాళ్ళలో కాలి వేలి నుంచి వెన్నుపాము దాకా సుమారు ఒక మీటరు వేసుకో. మొదటిది రెప్పపాటు కన్నా ముందే చేరుతుంది, రెండోదానికి అర సెకను నుంచి 2 సెకన్ల దాకా పడుతుంది. నువ్వు "పోనీలే" అనుకునేది ఆ సందులోనే. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, కింద దాకా దిగేవి నరాలే, కాబట్టి బొటనవేలి కబురు మోసే ఒక్కో కణం దాదాపు మీటరు పొడవు.

ఈ వేగాన్ని కొలవడం అసాధ్యమని ఆ కాలంలో పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త జొహానెస్ ముల్లర్ అంతటివాడు అనుకున్నాడు. ఆయన శిష్యుడు హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరం మీద కొలిచి చూపించాడు, సెకనుకి 30 మీటర్ల లోపే వచ్చింది. దెబ్బ తగిలిన చోట వెంటనే రుద్దుకుంటాం చూడు, అది ఉత్త అలవాటు కాదు. స్పర్శ తంతువులు ఈ రెండిటికన్నా వేగమైనవి, అవి వెన్నుపాములో నొప్పి సంకేతాన్ని కొంత అణచిపెడతాయి. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతం ఇదే. వివరాల్లో తర్వాత మార్పులొచ్చాయి గానీ మూలం నిలబడింది.

ప్రశ్న: మా నాన్న మిరపతోటకి పురుగుమందు కొట్టి ఇంటికొచ్చేసరికి ఒళ్ళంతా చెమటలు, నోటివెంట చొంగ, చూపు మసక. ఆస్పత్రిలో అట్రోపిన్ మళ్ళీ మళ్ళీ ఇచ్చారు. చెమటలు తగ్గాక కూడా నాలుగు రోజులు ఉంచారు, అంత అవసరమా? ఇప్పుడు బాగున్నారు. – పల్నాడు జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: అవసరమే, మంచి పని చేశారు. నరం నేరుగా కండరాన్ని తాకదు, మధ్యలో కంటికి కనపడని సందు ఉంటుంది, దాన్ని దాటించేది ఒక రసాయనం. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త ఒక కప్ప గుండెకి వెళ్ళే నరాన్ని ప్రేరేపించి దాని వేగం తగ్గించాడు, దాని చుట్టూ ఉన్న ద్రవం తీసి రెండో కప్ప గుండె మీద పోస్తే అదీ నెమ్మదించింది. ఆ ద్రవంలో ఉన్నది అసిటైల్‌కొలిన్ అని తర్వాత తేలింది. పని అయ్యాక దాన్ని ఒక ఎంజైమ్ వెంటనే విరగ్గొట్టేయాలి. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమ్‌నే పట్టి ఆపేస్తాయి, పురుగులోనైనా మనిషిలోనైనా. అసిటైల్‌కొలిన్ పేరుకుపోయి చెమట, చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు, కంటిపాప సూది మొనంత కావడం, అన్నీ ఒక్కసారి వస్తాయి.

అట్రోపిన్ గ్రంథుల మీద, గుండె మీద ఆ ప్రభావాన్ని ఆపుతుంది, అందుకే ఊపిరితిత్తులు పొడిబారేదాకా మళ్ళీ మళ్ళీ ఇస్తారు. కానీ ఒంటి కండరాల దగ్గర అది పనిచేయదు. చెమటలు ఆగి మనిషి లేచి కూర్చున్నాక, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ నిలపలేకపోవడం, శ్వాస కండరాలు సడలిపోవడం కొందరిలో చూస్తాం. మీ నాన్నగారిని ఉంచింది దానికోసమే. (కట్లపాము విషం దీనికి ఎదురు, అసిటైల్‌కొలిన్ బయటికే రాకుండా చేస్తుంది, మొదట కనురెప్పలు వాలిపోతాయి.) ఇంకెప్పుడైనా ఇలా జరిగితే ముందు తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్ళు, తల కడిగించండి. కడిగేవాళ్ళు చేతులకి తొడుగులు వేసుకోవాలి. మందు డబ్బా కూడా ఆస్పత్రికి పట్టుకెళ్ళండి.

ప్రశ్న: మనం మెదడులో 10 శాతమే వాడతామట, నిజమా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాదు. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడు, మనం ఊరికే కూర్చున్నా ఒంటి శక్తిలో సుమారు 20 శాతం తినేస్తుంది. ఎడమ వైపు ఒక చిన్న రక్తనాళం మూసుకుపోతే చాలు, మాట పడిపోతుంది, కుడి చెయ్యి లేవదు. వాడనిది 90 శాతం ఉంటే అలా ఎందుకవుతుంది? ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా తెల్లారాక చూద్దాం అనుకోవద్దు. రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకుని వెళ్ళండి, అక్కడ డాక్టర్లు తప్పకుండా అడుగుతారు.