పాప లైనక్స్‌లో ఏ డెస్క్‌టాప్ వాడితే ఉద్యోగం వస్తుంది? కావలి తండ్రికి జవాబు

ప్రశ్న: మాది కావలి. జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతాను. మా పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతోంది. అప్పు చేసి 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ కొనిచ్చాను. అందులో విండోస్ తీసేసి లైనక్స్ వేసుకుంది. మొదట గ్నోమ్ అంది, తర్వాత కేడీఈ అంది, ఇప్పుడు ఆర్చ్ మీద హైపర్‌ల్యాండ్ అంటోంది. సెలవులకి వచ్చినప్పుడు చూస్తే రాత్రి రెండింటిదాకా తెర మీద రంగులు మారుస్తూ కూర్చుంది. కోపం వచ్చి షాపులో ఇచ్చి ఫార్మాట్ కొట్టించి విండోస్ వేయించాను. అప్పట్నుంచీ నాతో సరిగా మాట్లాడటం లేదు. వీటిలో ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? అసలు ఇది చదువేనా?

జవాబు:

అయ్యా, మీరు చెప్పిన మూడిట్లో ఏదీ ఉద్యోగం తెచ్చిపెట్టదు, ఏదీ వచ్చే ఉద్యోగాన్ని చెడగొట్టదు. లైనక్స్ పనికి మనుషుల్ని తీసుకునేవాళ్లు డెస్క్‌టాప్ పేరు అడగరు. సర్వీసు లేవకపోతే లాగ్ ఎక్కడ చూస్తావు, డిస్కు నిండిపోతే ఏ ఫోల్డరు తినేసిందో ఎలా కనుక్కుంటావు, ఈ ఫైలు ఫలానా యూజర్ మాత్రమే చదవాలంటే అనుమతులు ఎలా పెడతావు అని అడుగుతారు. కంపెనీల సర్వర్లలో చాలావాటికి డెస్క్‌టాపే వేయరు. నల్లతెర, దాని మీద కమాండ్లు, అంతే. డెస్క్‌టాప్ అంటే ఆ తెర మీద కప్పిన ముఖం: మెనూ, కింది పట్టీ, విండోల అంచులు, ఫైళ్లు చూసే ప్రోగ్రాము, సెట్టింగులు. ముఖం మార్చినా కింద నడిచే లైనక్స్ అదే, ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి.

చదువేనా అన్నారు. ఆర్చ్ అనేది లైనక్స్‌లో ఒక రకం. సాయం చేసే స్క్రిప్టు వాడకుండా దాన్ని వేసుకున్న పిల్ల డిస్కుని చేత్తో భాగాలు చేసి ఉంటుంది, వాటిని మౌంట్ చేసి, అంటే వాడకంలోకి తెచ్చి ఉంటుంది, మెషీన్ ఆన్ కాగానే లైనక్స్‌ని లేపే బూట్‌లోడర్ పెట్టి, నెట్‌వర్క్ లేపి, యూజర్‌ని సృష్టించి ఉంటుంది. సిస్టమ్ అడ్మిన్ పనిలో మొదటి ఏడాది నేర్పేది ఇంచుమించు ఇదే. రంగులు మార్చడం చదువు కాదు. దానికి ముందు జరిగింది మాత్రం చదువే. మీరు రంగులు మార్చడం చూశారు, ముందు జరిగింది మీ కంటపడలేదు.

మీలాంటి తల్లిదండ్రులు గ్నోమా కేడీఈనా అని అడుగుతారు గానీ గుండెల్లో ఉన్న భయం వేరు. పిల్లకాయలు మనకి తెలియని లోకంలోకి వెళ్లిపోయారు, అక్కడ చదువుతున్నారో ఆడుతున్నారో మన కళ్లకి కనపడదు. మీకు కంప్యూటర్ అంటే విండోస్, అను ఫాంట్లు, పేజ్‌మేకర్. ఆ మూడూ లేని తెర చూడగానే చెయ్యి జారిపోయిందనిపించింది. ఆ భయం నాకర్థమవుతుంది. మీరు చేసిన పనిని మాత్రం ఒప్పుకోలేను.

మీ షాపులో కుర్రాడు మిమ్మల్ని అడక్కుండా కస్టమర్ల పెళ్లికార్డుల ఫైళ్లన్నీ చెరిపేస్తే మీకెలా ఉంటుంది? మీ పాప ల్యాప్‌టాప్‌లో మూడు సెమిస్టర్ల ల్యాబ్ ప్రోగ్రాములు, రికార్డులు ఉండి ఉంటాయి. ఆవిడ మౌనం లైనక్స్ పోయినందుకే అనుకోకండి. తన కష్టాన్ని కన్నతండ్రి చెత్త కింద లెక్కకట్టాడనే బాధ అది. పోయినవి తెప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేసి విండోస్ వేస్తే ట్రిమ్ అనే ఏర్పాటు పాత డేటా ఉన్న గదుల్ని ఖాళీ చేసేస్తుంది, పాత హార్డ్‌డిస్కులో దొరికినట్టు అందులో దొరకవు. ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో దాచుకునే గిట్‌హబ్‌లో పెట్టుకుని ఉంటే మాత్రం అన్నీ భద్రంగా ఉంటాయి. ఈ రాత్రే ఫోన్ చేసి ఆ ఒక్కమాట అడగండి, తప్పయిందని కూడా చెప్పండి.

ఇక డెస్క్‌టాప్‌ల సంగతి. 1996లో కేడీఈ మొదలైంది. అది ఆధారపడిన క్యూటీ లైబ్రరీ లైసెన్సు అప్పట్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాలకి సరిపోదని 1997లో గ్నోమ్ పుట్టింది. 2011లో గ్నోమ్ 3 తన రూపాన్నే మార్చేసుకుంటే, నచ్చనివాళ్లు మాటే, సినమన్ అనే వేరే డెస్క్‌టాప్‌లు కట్టుకున్నారు. అన్నీ ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. తప్పుది ఎంచుకుంటే వెనకబడిపోతామన్న భయం అక్కర్లేదు.

8 జీబీ ర్యామ్ మీద వీటి తేడా అనుకున్నంత ఉండదు. ఏ ప్రోగ్రామూ తెరవకుండా ఉన్నప్పుడు తేలికపాటి డెస్క్‌టాప్ ఎక్స్‌ఎఫ్‌సీఈ సుమారు 600 నుంచి 800 ఎంబీ, సినమన్, ప్లాస్మా (కేడీఈ వాళ్ల డెస్క్‌టాప్ పేరు ఇదే) 1 జీబీకి అటూ ఇటూ, గ్నోమ్ 1.2 నుంచి 1.5 జీబీ తీసుకుంటాయి. డిస్ట్రోని, అంటే ఉబుంటు, మింట్, ఆర్చ్ లాంటి లైనక్స్ రకాన్ని బట్టి ఇది కొంచెం మారుతుంది. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే ఈ తేడా అంతా అందులోనే కలిసిపోతుంది. 4 జీబీ మెషీన్ మీదైతే లెక్క వేరు, అక్కడ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ, అలాంటిదే ఎల్‌ఎక్స్‌క్యూటీ గానీ తప్ప వేరే ఆలోచన వద్దు. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు నడపాల్సి వస్తే డెస్క్‌టాప్ మార్చడం కంటే ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించడం మేలు. ఖాళీ స్లాట్ ఉందో లేదో, ఉన్నది డీడీఆర్4నా డీడీఆర్5నా అన్నది లైనక్స్‌లో డీఎంఐడీకోడ్ అనే కమాండ్ చెప్తుంది. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, కొనేముందు అది చూసుకోవాలి.

నన్నడిగితే మీ పాపకి లైనక్స్ మింట్ సినమన్ చెప్తాను. విండోస్ అలవాటున్నవాళ్లు తడుముకోరు, మీరు చూసినా మెనూ ఎక్కడుందో తెలుస్తుంది. ఉబుంటు 24.04 పునాది మీద కట్టిన మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పాడైతే వెనక్కి తెచ్చుకోవడానికి టైమ్‌షిఫ్ట్ అందులోనే ఉంటుంది. కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు ఉంటే అక్కడ కనిపించేది గ్నోమ్, కాబట్టి గ్నోమే కావాలన్నా అడ్డు చెప్పను. ప్లాస్మా కూడా మంచిదే, కానీ ప్రతిదానికీ సెట్టింగు ఉంటుంది, రంగుల పిచ్చి ఉన్న పిల్లకి అది ఇంకో రాత్రి జాగారం. ప్లాస్మాలో వేలాండ్ (తెర మీద విండోలని చూపించే ఏర్పాటు) మీద తెలుగు టైపు పడకపోతే కంగారుపడొద్దు. సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డు కింద, తెలుగు టైపుకి వాడే ఐబస్ వేలాండ్‌ని ఎంచుకోవాలి, అది చేయకపోతే ఐబస్ వేసినా అక్షరం రాదు.

హైపర్‌ల్యాండ్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు పిల్లకాయలందరూ దాని వెంటే పడుతున్నారు. అది పూర్తి డెస్క్‌టాప్ కాదు. విండోలని తెర మీద పలకల్లా అమర్చిపెట్టే ప్రోగ్రాము, అంతవరకే. కింది పట్టీకి వేబార్ విడిగా వేసుకోవాలి, నోటిఫికేషన్లకి మాకో లాంటిది, తెర లాక్ కావడానికి హైపర్‌లాక్, యాప్‌లు తెరవడానికి వోఫీ, అన్నీ వేరువేరు. వీటిలో రెండు మర్చిపోతే ఎందుకు పనిచేయడం లేదో కూడా తెలియదు. పాస్‌వర్డ్ పెట్టె చూపించే పోల్‌కిట్ ఏజెంట్ లేకపోతే పాస్‌వర్డ్ అడగాల్సిన ప్రోగ్రాములు ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. తెరని వేరే ప్రోగ్రాములకి అందించే ఎక్స్‌డీజీ పోర్టల్, పైప్‌వైర్ సరిగ్గా లేకపోతే ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో స్క్రీన్ షేర్ నొక్కినా అవతలివాళ్లకి నల్లతెరే కనిపిస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుని అధికారికంగా సపోర్ట్ చేయమని దాన్ని తయారుచేసేవాళ్లే రాసుకున్నారు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు సెట్టింగులు రాసిపెట్టే కాన్ఫిగ్ ఫైలు రాసే పద్ధతి మారిపోతుంటుంది, నిన్న నడిచిన ఫైలు ఇవాళ ఎర్రర్లు చూపిస్తుంది. దానికింద ఆర్చ్, అది ఆగకుండా అప్‌డేట్ అయ్యే రకం. సగం ప్యాకేజీలు అప్‌డేట్ చేసి సగం వదిలేస్తే లైబ్రరీలు పొసగక బ్రౌజర్ కూడా తెరుచుకోదు. ల్యాబ్ ఎగ్జామ్ ముందురోజు ఇది జరిగితే ఎవరూ ఆదుకోరు.

మీ పాప రాత్రి రెండింటిదాకా చేసిన పనిని రైసింగ్ అంటారు వాళ్లు, అంటే తెరని అందంగా దిద్దడం. అందులో నేర్పు లేదనను. కాన్ఫిగ్ ఫైళ్లని, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టడం, ఏ మార్పు వల్ల ఏం పాడైందో వెనక్కి పోయి పట్టుకోవడం మంచి అలవాట్లే. కానీ మూడోసారి వేబార్ రంగు మార్చినప్పుడు మొదటిసారి నేర్చుకున్నదే మళ్లీ చేస్తున్నారు, కొత్తగా వచ్చేదేమీ లేదు. సెక్యూరిటీ పరీక్షల కోసం చేసిన కాళీ లైనక్స్‌ని రోజువారీ వాడకానికి పెట్టుకునే పిల్లలదీ ఇదే వరస. లైనక్స్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది తగదని కాళీ వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో రాశారు, అయినా హ్యాకింగ్ అనే మాట మోజు మీద వేసుకుంటున్నారు.

పాప మనసు నిజంగా ఆ తెర మీదే ఉంటే, దాన్ని తిట్టి పోగొట్టకండి, లోపలికి తోయండి. కేడీఈ నచ్చితే దాని కింద ఉన్న క్యూటీ, సీ ప్లస్‌ప్లస్ నేర్చుకోమనండి. కార్ల డ్యాష్‌బోర్డు తెరలు తయారుచేసే కంపెనీలకి క్యూటీ వచ్చినవాళ్లు కావాలి. గ్నోమ్ నచ్చితే దాని ఎక్స్‌టెన్షన్లు జావాస్క్రిప్టులో రాస్తారు, చిన్నది ఒకటి రాసి పదిమందీ వాడేలా పెట్టగలిగితే రెజ్యూమెలో ఒక వరుస నిండుతుంది. గ్నోమ్ మెనూలని తెలుగులోకి తెచ్చే పని కూడా వాలంటీర్లే చేస్తారు, తెలుగు టైపింగ్ మీ ఇంట్లో పుట్టిన విద్య. గ్నోమ్ ప్రాజెక్టు 2006లో ఆడపిల్లల కోసం మొదలుపెట్టిన ప్రయత్నమే పెరిగి ఇవాళ ఔట్‌రీచీ అయింది. ఇంటి దగ్గర్నుంచే చేసే ఇంటర్న్‌షిప్, స్టైపెండ్ ఇస్తారు. ఎంపిక కావాలంటే ముందుగా ఆ ప్రాజెక్టుకి నాలుగు మార్పులు పంపించి ఉండాలి.

విండోస్ మాత్రం డిస్కులో ఉండాలి, మీరు వేయించినందుకు కాదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్ పరీక్షల్లో కొన్ని తాళం వేసే బ్రౌజర్‌లో జరుగుతాయి. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి లైనక్స్‌కి లేవు, వర్చువల్ మెషీన్‌లో నడిపితే పసిగట్టి ఆపేస్తాయి. అందుకని రెండూ పక్కపక్కన పెట్టుకోమనండి. 512 జీబీ డిస్కు విండోస్‌లో 476గా కనిపిస్తుంది. విండోస్‌కి 200 ఉంచి మిగతాది డిస్క్ మేనేజ్‌మెంట్‌లోంచి కుదించి ఖాళీ చేయాలి. అందులో మింట్ సిస్టమ్‌కి 70, సొంత ఫైళ్లు ఉండే హోమ్‌కి 160, చివరి 40లో ఆర్చ్, హైపర్‌ల్యాండ్ ఆడుకోవడానికి. ఆ 40ని ఎన్నిసార్లు చెరిపినా చదువుకి దెబ్బ తగలదు. రెండు లైనక్స్‌లకీ ఒకే హోమ్ ఇవ్వకూడదు, వేర్వేరు వెర్షన్ల కాన్ఫిగ్ ఫైళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

మొదలుపెట్టే ముందు విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి. బయోస్‌లో సెక్యూర్ బూట్ సెట్టింగు కదిపితే అది అడుగుతుంది, లేకపోతే డిస్కు తెరుచుకోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి, లేకపోతే విండోస్ సగం నిద్రలో ఉండి దాని ఫైళ్లలో రాయడానికి లైనక్స్‌కి వీలుండదు. ఇన్‌స్టాలర్‌లో విండోస్‌ని లేపే ఈఎఫ్‌ఐ అనే చిన్న భాగాన్ని వాడుకోవాలి గానీ ఫార్మాట్ టిక్ పెట్టకూడదు, పెడితే విండోస్ లేవదు. అసలు డిస్కే కనిపించకపోతే బయోస్‌లో డిస్కుని నడిపే పద్ధతి ఇంటెల్ ఆర్‌ఎస్‌టీగా ఉందేమో చూడాలి. దాన్ని నేరుగా ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చినా విండోస్ ఆగిపోతుంది. ముందు విండోస్ సేఫ్ మోడ్‌లో లేచేలా పెట్టుకుని, తర్వాత మార్చాలి. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే డిస్కులో వేయకుండానే నడిపి వైఫై, మైకు, కెమెరా, మూత మూస్తే నిద్రపోయి మళ్లీ లేవడం, ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ ఒక పూట పరీక్షించి అప్పుడు వేసుకోమనండి. లైవ్‌లో నెమ్మదిగా ఉంటే అది పెన్‌డ్రైవ్ వేగం, డెస్క్‌టాప్ తప్పు కాదు. వైఫై దొరక్కపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి నెట్ ఇచ్చి డ్రైవర్ దించుకోవచ్చు. టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్‌లోని ఫైళ్లని దాచదు, కాబట్టి ల్యాబ్ ప్రోగ్రాములు వారానికోసారి గిట్‌హబ్‌కి వెళ్లాలి.

ఆరు నెలలు మింట్ ముఖం మార్చొద్దని పాపతో మాట తీసుకోండి. బదులుగా ఆ ల్యాప్‌టాప్ జోలికి రానని మీరూ మాటివ్వండి.

మీ షాపులో కూడా విండోస్ 10 మెషీన్లు ఉండే ఉంటాయి. వాటికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. అను ఫాంట్లతో డీటీపీ చేసే మెషీన్‌ని కదపకండి, ఆ ఫైళ్లు యూనికోడ్ కావు, లైనక్స్‌లో తెరిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. ఆన్‌లైన్ అప్లికేషన్లకి, ప్రింట్లకి వాడే పాత 4 జీబీ మెషీన్ ఉంటే ఈ సంక్రాంతికి దాన్ని పాప చేతికివ్వండి, ఎక్స్‌ఎఫ్‌సీఈ వేస్తుంది. వేసేముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తో మీ ప్రింటర్ ఒక పేజీ కొడుతుందో లేదో చూడమనండి. హెచ్‌పీ అయితే హెచ్‌పీలిప్ అనే డ్రైవర్‌తో ఎక్కువభాగం పనిచేస్తాయి. కెనాన్ ఎల్‌బీపీ 2900 అయితే దాని డ్రైవర్‌తో లైనక్స్‌లో గంటలు పోతాయి, ఆ మెషీన్‌కి ఇంకో ప్రింటర్ చూసుకోండి.