టెక్ సందేహాలు: పని డబుల్ చేసిన సాఫ్ట్‌వేర్

ప్రశ్న: సార్, చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. లోడ్ కొలతలు రిజిస్టర్‌లో రాసి, ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్ చేసి, ఆయన ఓకే అంటే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాం. అందరం ఆయన ఐడీతోనే లాగిన్ అవుతాం, ఓటీపీ ఆయనే ఫోన్లో చెప్తారు. పని డబుల్ అయింది, ఇంకో మంచి సాఫ్ట్‌వేర్ చెప్పండి.

జవాబు: చెప్పను. మొన్న నెల్లూరు నుంచి రొయ్యల మేత డీలర్ ఒకాయన కూడా ఇదే అడిగాడు, ఆయనకీ చెప్పలా. పాత పని అట్నే పెట్టుకుని పైన కంప్యూటర్ పెడితే పని తగ్గిద్దా ఏంది? 1990లోనే మైకేల్ హామర్ అనే అమెరికా మేనేజ్‌మెంట్ నిపుణుడు దీని మీద గట్టిగా రాశాడు, ఆవులు నడిచిన బాటకే రోడ్డేయడం ఇక ఆపండయ్యా అని. ఆయన చెప్పింది ఫోర్డ్ కార్ల కంపెనీ సంగతి, సరుకులిచ్చినోళ్లకి డబ్బులు కట్టే సెక్షన్‌లో అక్కడ 500 మందికి పైగా ఉంటే జపాన్ కార్ల కంపెనీ మాజ్దాలో 5 మందే ఉన్నారు. ఫోర్డ్ వాళ్ళు ఆర్డరు, సరుకు రసీదు, ఇన్వాయిస్ మూడూ పక్కపక్కన పెట్టుకుని 14 వివరాలు సరిచూసేవాళ్ళు, చివరికి ఇన్వాయిస్‌నే పీకేసి సరుకు దిగిన చోటే ఆర్డర్‌తో సరిచూడటం మొదలుపెడితే 75 శాతం మంది తగ్గిపోయారు. (ఆ తగ్గినోళ్ల గతేంటి అనేది మాత్రం ఎవరూ సరిగ్గా మాట్లాడరు, నాకు నచ్చందదే.)

మీరూ అంతే, స్లాబు కొలిచిన చోటే ఒక్కసారి ఫోన్లో కొట్టండి, బిల్లు, లారీతో పంపే ఈ-వే బిల్లు రెండూ దాంట్లోంచే రావాల. ఓనర్ ఓకే రేటు తగ్గించినప్పుడో, అప్పు పెట్టినప్పుడో చాలు.

అది సరే, నాకు భయమేసింది ఆ ఓటీపీ మాట చదివాక. రోజుకి పదిసార్లు ఫోన్లో ఓటీపీ చెప్పే మనిషి పదకొండోసారి దొంగకి కూడా అంతే ఈజీగా చెప్పేస్తాడు. పైగా "మా బ్యాంక్ అకౌంట్ మారింది" అని బ్లాకులమ్మే పార్టీ పేరుతో ఎవడో మెసేజ్ పెడితే, మీలో ఎవరో మార్చేస్తే, ఎవరు మార్చారో కూడా తెలీదు, అందరూ ఓనరే గదా! ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్ యూజర్లని (అంటే మనిషికో విడి లాగిన్) పెట్టుకోవచ్చు, ఎవరి ఓటీపీ వాళ్ళ నంబర్‌కే వస్తది. అకౌంట్ మార్పు మాత్రం మీ దగ్గరున్న పాత నంబర్‌కి ఫోన్ చేసి అడక్కుండా ముట్టుకోవద్దు.

అసలు తప్పంతా మీది కూడా కాదులే. మనిషికింత అని లాగిన్‌కి రేటు పెట్టి అమ్మేవాళ్ళననాల, దాని దెబ్బకే ఓనర్లు ఒకే ఐడీ కొని పది మందికీ పంచుతన్నారు.